బీటిల్ కార్బ్యురేటర్‌కు ఎయిర్ ఫిల్టర్: మన దుమ్ముకు ఆగేది ఎట్లా ఎంచుకోవాలి

చీమకుర్తి నుంచి ఒంగోలు వచ్చే రోడ్డులో గ్రానైటు లారీ వెనక మీ పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును పావుగంట నడిపి, పక్కన ఆపి, వెనక ఇంజన్ మూత మీద వేలితో ఒక గీత గీయండి. వేలికి అంటుకున్న బూడిదరంగు పొడిని రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరమంటుంది. గూడూరు దాటి చిల్లకూరు, కోట వైపు వెళితే సిలికా ఇసుక లారీలు, కృష్ణపట్నం పోర్టు దారిలో బొగ్గు లారీలు, కనిగిరి వైపు ఎర్రమట్టి. రకం ఏదైనా గాలితో పాటు, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటర్ నోట్లోకి పోయేది ఇదే.

1584 సీసీ బీటిల్ ఇంజన్ 4000 ఆర్‌పీఎమ్‌లో నిమిషానికి సుమారు రెండున్నర వేల లీటర్ల గాలి పీలుస్తుంది. అందులో కంటికి కనబడే ఇసుక రేణువు కన్నా కనబడని సన్న పొడే ఎక్కువ చేటు. పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే నూనె పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. పది ఇరవై మైక్రాన్ల రేణువు సరిగ్గా అందులో ఇరుక్కుని ఆకురాయిలాగా రుద్దుతుంది. సిలికా గట్టిదనం మోహ్స్ కొలతలో 7, మామూలు ఇనుము దానిముందు మెత్తన. రింగులు అరిగితే కాలిన గ్యాసు కింద క్రాంక్‌కేసులోకి, అంటే ఆయిల్ ఉండే అడుగు పెట్టెలోకి దిగుతుంది, ఆయిల్ నల్లబడి వేడెక్కుతుంది. నీళ్లు లేని ఈ ఇంజన్‌ను చల్లబరిచే పనిలో గాలితో పాటు ఆయిల్‌కూ పెద్ద పాత్ర ఉంది. అందుకే ఫిల్టరు లోపం ముందు సైలెన్సర్ పొగలో కాదు, ఆయిల్ వేడిలో తెలుస్తుంది.

దీనికి తోడు ఇంజన్ వెనక ఉండటం ఇంకో ఇబ్బంది. ముందు చక్రాలు లేపిన దుమ్మూ, వెనక చక్రాలు లేపిన దుమ్మూ రెండూ కలిసి వెనక మూత జాలీ దగ్గరే తిరుగుతాయి. ఫ్యానూ కార్బ్యురేటరూ ఆ ఒక్క గదిలోని గాలినే పీలుస్తాయి.

షాపులో అడిగే మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీది మంచిది’ అని ఉంటుంది. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు చూడాల్సినవి రెండే: ఫిల్టరు పక్కదారి లేకుండా బిగుస్తుందా, గాలికి సరిపడా వైశాల్యం ఉందా. ఈ రెండూ సరిగా ఉంటే చవక కాగితం కూడా పని చేస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైనదైనా అలంకారమే.

కొనకముందు కొలతలు

కార్బ్యురేటర్ ఏదో చూడండి. సోలెక్స్ కంపెనీది అయితే ఒంటి మీదే 30 పిక్ట్, 34 పిక్ట్ అని అచ్చు ఉంటుంది. అయినా ఆ నంబరు చూసి ఫిల్టరు కొనకండి. ఆ నంబరు కింద థ్రాటిల్ ప్లేటు (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే రేకు) దగ్గర కొలత, ఫిల్టరు కూర్చునే మెడ కొలత కాదు. వెర్నియర్‌తో మెడ బయటి వ్యాసం రెండు దిక్కులా కొలవండి. పాత కార్బ్యురేటర్లకు క్లాంపు అతిగా బిగించి మెడ కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. రెండు కొలతల మధ్య అర మిల్లీమీటరు దాటి తేడా ఉంటే ఏ ఫిల్టరూ చుట్టూ అతకదు, ముందు మెడ సరి చేయించాలి.

రెండోది వైశాల్యం. నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్లు చేసేవాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఇంజన్ సీసీని మీరు నడిపే గరిష్ఠ ఆర్‌పీఎమ్‌తో గుణించి 53,000తో భాగిస్తే, కావలసిన కనీస వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. 1584ని 4500తో గుణించి భాగిస్తే సుమారు 135. 1192 సీసీ ఇంజన్‌కు 4000 దగ్గర 90. ఇది ఫిల్టరు చుట్టుకొలతని ఎత్తుతో గుణిస్తే వచ్చే బయటి వైశాల్యం, మడతలు విప్పి కొలిచేది కాదు. పైనా కిందా రబ్బరు అంచులు మింగేసే ఎత్తును తీసేయాలి. కాగితానికి ఈ అంకె రెట్టింపు పెట్టుకోండి. మన రోడ్లకైతే కాటన్‌కు కూడా రెట్టింపే మేలు, ఎందుకంటే దుమ్ము పట్టిన సగం ఫిల్టరు లెక్కలో లేనట్టే.

15 సెం.మీ. వ్యాసం, అంచులు పోగా 6 సెం.మీ. ఎత్తు ఉన్న గుండ్రటి ఫిల్టరుకు సుమారు 280 చదరపు సెంటీమీటర్లు వస్తాయి. 1584 సీసీ ఇంజన్‌కు కాగితమైనా సరిపోతుంది. అదే మెరిసే క్రోమ్ మూతతో వచ్చే చిన్నది, 12 సెం.మీ. వ్యాసం, రెండున్నర సెం.మీ. పనికొచ్చే ఎత్తుది అయితే 94 మాత్రమే. కొత్తగా ఉన్నప్పుడే చాలదు.

మూడోది తల మీద జాగా. ఫిల్టరు పైమూతకీ కార్బ్యురేటర్ నోటికీ మధ్య ఎడం ఉండాలి. నోరు 50 మి.మీ. అనుకుంటే, పన్నెండున్నర మిల్లీమీటర్ల ఎడానికి గాలి దారి సరిగ్గా నోటి వైశాల్యానికి సమానమవుతుంది. అది గీతల మీది లెక్క. మలుపు తిరిగే గాలికి 35, 40 మి.మీ. అయినా వదలాలి. ఇక ఫిల్టరు మూతకీ కారు వెనక మూతకీ మధ్య ఎంత ఉందో చూడటానికి చపాతీ పిండి చాలు. నిమ్మకాయంత ముద్దను పాలిథిన్ కవర్లో చుట్టి ఫిల్టరు మీద పెట్టి వెనక మూత మెల్లగా దించి ఎత్తండి. అణిగిన పిండి మందం 12 మి.మీ. కన్నా తగ్గకూడదు. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ రబ్బరు మౌంటుల మీద లేచి ఊగుతుంది. ఎడం తక్కువైతే మూత తగిలి ఫిల్టరు రోజూ కొంచెం కొంచెం వదులవుతుంది.

కంపెనీ ఇచ్చిన ఆయిల్ బాత్

ఒక్క కార్బ్యురేటర్ ఉన్న బండికి పాత ఆయిల్ బాత్ డబ్బా చొట్టలు లేకుండా దొరికితే దాన్ని తీసి పారేయొద్దు. బరువుగా, నల్లగా, పాతకాలం కిరసనాయిలు స్టవ్‌లాగా ఉంటుందని చాలామంది తీసేస్తారు. మన ఊళ్ల మెకానిక్కులకు ఇది కొత్త సంగతి కాదు, పాత ట్రాక్టర్లన్నిటికీ ఉండేది ఇదే పద్ధతి. గాలి డబ్బాలోకి దిగి, అడుగున నిలిచిన నూనె మీద గిరుక్కున వెనక్కి తిరిగి పైకి పోతుంది. బరువైన రేణువు ఆ మలుపు తిరగలేక నూనెలో పడుతుంది. తప్పించుకున్నది పైనున్న తడి జాలీకి అంటుకుంటుంది. దుమ్ము ఎంత పడినా గాలి దారి మూసుకుపోదు. ఇదీ దాని గొప్ప.

లోపమూ ఉంది. గాలి వేగం మీద ఆధారపడే పద్ధతి కాబట్టి ఐడిల్‌లో, బజారులో మెల్లగా పోయేటప్పుడు సన్న పొడిని సరిగా పట్టలేదు. బాగున్న కాగితం ఆ పొడిని ఇంతకన్నా బాగా పడుతుంది. క్వారీల మధ్య రోజూ తిరిగే బండికి కాగితం వైపు మొగ్గటంలో తప్పు లేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు హైవే మీద ఆదివారాలు తీసే బండికి ఆయిల్ బాత్‌ను మించింది లేదు.

ఇందులో పోయాల్సింది ఎస్‌ఏఈ 30 నూనె. అది దొరక్కపోతే ఇంజన్‌లో పోసే నూనెనే పోయొచ్చు. ఇంజన్‌లోంచి దించిన పాత నూనె మాత్రం వద్దు. ట్రాక్టరుకు అట్లా పోసే అలవాటు కొందరికి ఉంది, కానీ పెట్రోలు ఇంజన్ నుంచి దించిన నూనెలో పెట్రోలు కలిసి పలచబడి ఉంటుంది, దుమ్మును పట్టదు. డబ్బా లోపల గుర్తు ఉంటుంది. ముందు 200 మి.లీ. పోసి, తర్వాత కొంచెం కొంచెంగా గుర్తు దాకా తేవాలి. గుర్తు దాటితే ఆ ఎక్కువైన నూనెను ఇంజన్ పీల్చేస్తుంది, నీలం పొగ వస్తుంది. రింగులు పోయాయని ఇంజన్ విప్పబోయే ముందు ఫిల్టరు నూనె మట్టం ఒకసారి చూడండి.

ఊడదీసేటప్పుడు డబ్బాను వంచొద్దు. పళ్లెంలో పాయసం మోసినట్టు అడ్డంగా మోసుకెళ్లాలి. పై సగాన్ని తలకిందులు చేసి పెట్టినా జాలీలోని మురికి నూనె శుభ్రమైన వైపుకి దిగి, తిరిగి బిగించాక నేరుగా కార్బ్యురేటర్లోకి కారుతుంది. అడుగు డబ్బాలో మడ్డి నూనె లోతులో సగానికి చేరితే మార్చాల్సిందే. మడ్డిని చెక్కపుల్లతో గీకి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి కొత్త నూనె పోయండి. పై జాలీని కిరసనాయిల్లో జాడించితే అది పూర్తిగా కారిపోయేదాకా, కనీసం ఒక రాత్రి, ఉంచాలి. పెట్రోలుతో కడగొద్దు, దీపం వెలిగే వంటింట్లో ఏదీ కడగొద్దు.

డబ్బాను పక్కనుంచి పట్టి ఉంచే బ్రాకెట్ ఉన్న మోడల్ అయితే అది తప్పక బిగించండి. అది లేకుండా మొత్తం బరువు కార్బ్యురేటర్ మెడ మీద ఊగితే, కింద కార్బ్యురేటర్‌ను పట్టుకున్న రెండు నట్లు వదులై అక్కడ్నించి గాలి లాగుతుంది.

డబ్బా మూతి దగ్గర వేడిగాలి కోసం ఒక రేకు తలుపు ఉంటుంది. చలిదేశాల్లో కార్బ్యురేటర్లో మంచు కట్టకుండా సిలిండర్ల దగ్గరి వేడిగాలిని ఇచ్చే ఏర్పాటు. మనకు అది అక్కర్లేదు, తలుపును చల్లగాలి వైపు నిలపండి. అంతటితో వదిలేయకుండా ఆ గొట్టం రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టండి, ఇంజన్ చుట్టూ ఉండే రేకులో (టిన్నులో) గొట్టం దిగే రంధ్రాన్ని కూడా రేకు ముక్కతో మూయండి. తెరిచి ఉంటే కింద రోడ్డు దుమ్మూ సిలిండర్లు వదిలిన సెగా రెండూ పైగదిలోకి వస్తాయి. మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టం) కింద ఉండే సన్నటి వేడి గొట్టం వేరు, దాని జోలికి పోవద్దు. పెట్రోలు సరిగా ఆవిరి కావాలంటే అది మన ఎండల్లోనూ ఉండాల్సిందే.

కాగితం, కాటన్, ఫోమ్

1973 ప్రాంతం నుంచి బీటిల్‌కు కంపెనీయే కాగితం ఫిల్టరు ఇచ్చింది. ఆ డబ్బా దొరికితే మంచిదే. దొరక్కపోతే గుండ్రటి మూతా అడుగూ ఉన్న డబ్బా ఒకటి తీసుకుని, ఊళ్లో ఏ షాపులోనైనా దొరికే కారు ఎలిమెంట్ (లోపల పెట్టే కాగితపు చుట్ట) వ్యాసం, ఎత్తు దానికి సరిపోయేలా చూసుకోండి. ప్రతి ఆరు నెలలకూ దూరం నుంచి తెప్పించాల్సిన ఎలిమెంట్ ఎంత మంచిదైనా చివరికి మార్చకుండానే నడిపేస్తారు.

కాగితాన్ని కడగకూడదు. చేత్తో తట్టి, లోపల్నించి బయటికి గాలి కొట్టాలి, అదీ 30 పీఎస్ఐ మించకుండా, నాజిల్ జానెడు దూరంలో పెట్టి. టైరు షాపు కంప్రెసర్ గాలి నేరుగా కొడితే కాగితానికి సూది రంధ్రాలు పడతాయి. చీకట్లో లోపల టార్చి పెట్టి చుట్టూ తిప్పండి. చుక్కగా వెలుతురు వచ్చిందంటే మార్చేయాలి.

కాగితానికి అసలు శత్రువు లోపలే ఉంది, క్రాంక్‌కేస్ బ్రీదర్. ఆయిల్ పోసే గొట్టం దగ్గర్నించి వచ్చే ఈ రబ్బరు పైపును ఫిల్టరు బయటి వైపు కలిపితే నూనె ఆవిరికి కాగితం తడిసి నల్లటి అట్టగా మారుతుంది. శుభ్రమైన వైపు, అంటే ఫిల్టరుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య కలపాలి. లేదా మధ్యలో స్టీలు పీచు కూరిన చిన్న సీసా పెట్టి నూనెను అక్కడే ఆపాలి. ఊరికే గదిలోకి వేలాడేస్తే ఫ్యాను ఆ నూనెను పీల్చి సిలిండర్ ఫిన్నుల మీద, అంటే వేడిని గాలికి వదిలే రెక్కల మీద చల్లుతుంది. దానికి దుమ్ము అంటుకుని గట్టిపడితే ఇంజన్‌కు దుప్పటి కప్పినట్టే. ఫిల్టరు కార్బ్యురేటర్‌ను కాపాడుతుంది గానీ ఫిన్నుల్ని కాపాడదు.

నూనె పట్టించిన కాటన్ కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలి బాగా వదులుతుంది. పట్టు అంతా ఆ జిగురు నూనెలోనే ఉంది కాబట్టి నూనె ఆరిన కాటన్ జల్లెడతో సమానం. సబ్బునీళ్లతో లోపల్నించి బయటికి కడిగి, నీడన ఆరబెట్టి, ప్రతి మడతకీ దాని నూనె ఒక్క సన్నగీత వేసి, 20 నిమిషాలు ఆగి తెల్లగా మిగిలినచోట మాత్రమే ఇంకాస్త వేయాలి. ఇంజన్ నూనె వాడితే కారిపోతుంది.

ఫోమ్ దుమ్మును బాగా మింగుతుంది. కడిగి పిండేటప్పుడు బట్టల్ని మెలిపెట్టినట్టు తిప్పితే చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కాలి. ఇంజన్ వేడికీ పెట్రోలు ఆవిరికీ ఏడాది రెండేళ్లలో పొడిపొడిగా రాలుతుంది, ఆ ముక్కలు జెట్లలోకి, అంటే కార్బ్యురేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల్లోకి పోతాయి. గోరుతో గిల్లితే ఊడివస్తుందంటే పారేయండి. కార్బ్యురేటర్లోకి ఎదురు మంట కొట్టే బండికి ఫోమ్ పెట్టొద్దు, అంటుకుంటుంది. అసలు ఈ బండ్లలో పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి చేతికందేలా ఉండాలి. ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, అది గనక అంటుకుంటే నీళ్లు పోస్తే మంట పెరుగుతుంది.

ఒట్టి ఇనుప జాలీతో వచ్చే క్రోమ్ ఫిల్టర్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అవి గులకరాళ్లని ఆపుతాయి.

రెండు కార్బ్యురేటర్లు ఉన్న బండి

వెబర్, డెలోర్టో, కాడ్రన్ కంపెనీల కార్బ్యురేటర్ల జోడీ వేసినవాళ్లకు ఆయిల్ బాత్ దారి లేదు. ఒక్కో కార్బ్యురేటర్ రెండు సిలిండర్లకే కదా అని వైశాల్యాన్ని సగం చేయొద్దు. లెక్క ప్రకారం 5000 ఆర్‌పీఎమ్‌కు ఒక్కోదానికి 75 చాలు. కానీ రెండే సిలిండర్లకు గాలి ధారగా పోదు, గుటకలు గుటకలుగా పోతుంది. 110కి తగ్గకుండా చూడండి. వెనక్కి తన్నే పెట్రోలు తుంపర మూతకు తగలకుండా పొడవాటి ఫిల్టరే మంచిది. వెనక మూత ఎంత ఎత్తు ఇస్తే అంత పెట్టండి, పిండి పరీక్ష ఇక్కడ మరీ ముఖ్యం.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఫిల్టరు అడుగు ప్లేటు గాస్కెట్ కార్బ్యురేటర్ పైమూతలోని గాలి రంధ్రాలను కప్పేయటం ఒకటి. బండి ఐడిల్‌లో బాగుండి వేగంలో అర్థం కాకుండా తడబడుతుంది, జెట్లు మార్చి మార్చి అలసిపోతారు. గాస్కెట్‌ను పైమూత మీద పెట్టి రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసి, అవసరమైతే బ్లేడుతో కత్తిరించండి. రెండోది అడుగు ప్లేటు నట్లు. అవి ఫిల్టరు లోపలి వైపు ఉంటాయి, ఒకటి ఊడితే నేరుగా వాల్వు దగ్గరికే ప్రయాణం. లాక్ నట్టు గానీ థ్రెడ్ లాక్ మందు గానీ లేకుండా బిగించొద్దు.

బిగించాక పరీక్ష

మెడకు ఫిల్టరు వదులుగా ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లాంపు వేయటం మామూలు. పెట్రోలు ఆవిరికి ఆ రబ్బరు ఉబ్బి, నెల తిరక్కుండానే జారుతుంది. సిలికాన్ పేస్టుదీ అదే గతి. సరైన కొలత ఎడాప్టర్ లేత్ మీద అల్యూమినియంతో చేయించి, పెట్రోలుకు ఆగే నైట్రైల్ రబ్బరు రింగు పెట్టండి.

తర్వాత గ్రీజు పరీక్ష. ఫిల్టరు లోపలి శుభ్రమైన వైపు, అతుకుల దగ్గర, గోరంత గ్రీజును పలచగా పూయండి. 200 కిలోమీటర్లు నడిపి, ఫిల్టరు తీసి, ఆ గ్రీజును వేలితో నలపండి. మెత్తగా ఉంటే సరే. గరగరమంటే ఎటువైపు గరుకు ఎక్కువో అటువైపు అతుకు విడిచింది. గాలికి దొంగదారి అక్కడే ఉంది. పని కాగానే గ్రీజు తుడిచేయండి.

ఫిల్టరు దాటాక కూడా దొంగదారులుంటాయి. థ్రాటిల్ ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ కదిపితే లొడలొడమంటే అక్కడ దుమ్ము గాలి లోపలికి పోతున్నట్టే. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పూలకు చల్లే స్ప్రేతో ఇరుసు దగ్గరా, మానిఫోల్డ్ రబ్బరు బూట్ల దగ్గరా కొంచెం నీళ్లు చల్లండి, డిస్ట్రిబ్యూటర్ మీద పడకుండా. ఇంజన్ శబ్దం మారితే అక్కడ గాలి లాగుతున్నట్టే. ఇరుసు బుష్ వేయించకుండా ఫిల్టరు మార్చి లాభం లేదు.

గాలి వదులుగా పోయే ఫిల్టరు పెట్టాక మిక్చర్ పలచబడొచ్చు. మెయిన్ జెట్ మీద 127.5 అని ఉంటే రంధ్రం 1.275 మి.మీ. అని అర్థం. టాప్ గేరులో రెండు కిలోమీటర్లు ఒకే వేగంలో నడిపి, ఇంజన్ ఆపి, క్లచ్ నొక్కి పక్కకు తీసుకుని ప్లగ్గు విప్పండి. లేత ఇటుకరాయి రంగు మంచిది. తెల్లబడితే ఒక మెట్టు పెద్ద జెట్ వేయాలి. మూడో సిలిండర్ ప్లగ్గే చూడండి. పాత ఫ్యాన్ హౌసింగ్‌లో ఆయిల్ కూలర్ దానికి వెళ్లే గాలికి అడ్డం ఉంటుంది, ముందు కాలేది అదే.

ఎప్పుడెప్పుడు చూడాలంటే, హైవే బండికి 5000 కిలోమీటర్లకు ఒకసారి చాలు. చీమకుర్తి, పొదిలి రోడ్డులో రోజూ తిరిగితే 1000కే విప్పాలి. నెల్లూరు డెల్టాలో మార్చి, ఏప్రిల్ కోతలప్పుడు నూర్పిడి పొట్టు జాలీకి పేరుకుంటుంది, వారానికోసారి బ్రష్షుతో దులపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో సంగతి వేరు. వెనక మూత జాలీలోంచి నీళ్లు నేరుగా ఫిల్టరు మీద పడతాయి, తడిసిన కాగితం ఉబ్బి గాలి ఆపేస్తుంది. మూత లోపల నీటిని పక్కకు మళ్లించే రేకు పళ్లెం లేకపోతే చేయించి బిగించండి, దాని కాలువ గొట్టం చివర ఆకులు చేరకుండా చూడండి. ఆయిల్ బాత్ వాళ్లు తుఫాను వెళ్లిన మర్నాడు అడుగు డబ్బా తెరవాలి. నూనె కాఫీలో పాలు కలిపిన రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం, అదే రోజు మార్చేయాలి.